జెండా లేని జట్టు: వర్ణవివక్ష రోజుల్లో దక్షిణాఫ్రికా వెళ్లిన ఆహ్వాన జట్ల సంగతేమిటి?

పాత స్కోరుకార్డులు తిరగేసే అలవాటు ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వచ్చే ఉంటుంది. 1976లో దక్షిణాఫ్రికాలో జరిగిన కొన్ని మ్యాచ్‌ల కార్డులు చూడండి. ఒక జట్టుకు కెప్టెన్ గ్రెగ్ చాపెల్. కొత్త బంతి డెన్నిస్ లిల్లీది. మేనేజరు రిచీ బెనో. ఇదంతా చూసి ఆస్ట్రేలియా అనుకుంటాం. తీరా చూస్తే జట్టు పేరు ఇంటర్నేషనల్ వాండరర్స్, అందులో ఇంగ్లండ్, న్యూజిలాండ్ ఆటగాళ్లు కూడా ఉన్నారు. అవతలి వైపు గ్రేమ్ పొలాక్, బ్యారీ రిచర్డ్స్, ఎడ్డీ బార్లో. వాళ్ల జట్టు పేరు కూడా దక్షిణాఫ్రికా అని ఉండదు, సౌత్ ఆఫ్రికన్ ఇన్విటేషన్ ఎలెవన్ అని ఉంటుంది.

ఇంతమంది హేమాహేమీలు ఆడుతుంటే రెండు జట్లకూ దేశం పేరు ఎందుకు లేదు? ఈ మ్యాచ్‌లు ఎవరు పెట్టారు? వీటిలో కొట్టిన పరుగులు లెక్కలోకి వస్తాయా? ఈ ఆటగాళ్లు చేసింది మంచి పనా, తప్పు పనా? నాలుగు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. విడదీయాలంటే మొదట మాటల అర్థాలు తెలియాలి.

ఆహ్వాన జట్టు అంటే ఏమిటి?

దేశం జట్టును ఆ దేశపు బోర్డు ఎంపిక చేస్తుంది. ఆటగాళ్లు తప్పు చేస్తే బోర్డు జవాబు చెప్పాలి, బోర్డు తప్పు చేస్తే ప్రభుత్వమో ప్రజలో నిలదీస్తారు. ఆహ్వాన జట్టుకు ఈ గొలుసు ఉండదు. ఒక వ్యాపారో, ఒక క్లబ్బో, ఒక స్పాన్సరో రకరకాల దేశాల ఆటగాళ్లను విడివిడిగా పిలిచి, డబ్బిచ్చి, ఒక పేరు పెట్టి పంపిస్తారు. పర్యటన అయిపోగానే జట్టూ అయిపోతుంది. వాండరర్స్ అంటే సంచారులు, పేరుకు తగ్గట్టే ఎవరికీ చెందని జట్టు. జొహానెస్‌బర్గ్‌లో వాండరర్స్ అనే స్టేడియం ఉంది కాబట్టి ఇది అక్కడి క్లబ్బు అని కొందరు పొరబడతారు. ఆ పేరు వేరు, ఈ పేరు వేరు.

ఈ రోజుల్లో చూసేవాళ్లకు ఇంకో తికమక ఉంటుంది. మన హైదరాబాద్ సన్‌రైజర్స్ యజమానులకే దక్షిణాఫ్రికా లీగులో సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ అనే జట్టు ఉంది, అందులోనూ నాలుగైదు దేశాల వాళ్లు కలిసి ఆడతారు. మరి అది ఆహ్వాన జట్టా? కాదు. ఫ్రాంచైజీకి అక్కడి బోర్డు అనుమతి ఉంటుంది, విదేశీ ఆటగాడు రావాలంటే అతని సొంత బోర్డు నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. అంటే ప్రతి ఆటగాడి వెనకా ఒక సంతకం ఉంటుంది. 1970లలో దక్షిణాఫ్రికా వెళ్లినవాళ్ల వెనక అలాంటి సంతకం లేదు. అసలు ఆ సంతకం అడగాల్సిన అవసరం లేకుండా చేయడమే ఆ జట్ల ప్రయోజనం.

దేశాల జట్లు వెళ్లడం ఎందుకు ఆగింది?

దక్షిణాఫ్రికా మొదటి నుంచీ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతోనే టెస్టులు ఆడింది. వెలివేత దాకా భారత్‌తో గానీ, పాకిస్థాన్‌తో గానీ, వెస్టిండీస్‌తో గానీ ఒక్క టెస్టు కూడా ఆడలేదు. తెల్లవాళ్లు కాని ఆటగాడు దాని జట్టులో ఉండడు. ఎదుటి జట్టులో కూడా అలాంటి ఆటగాడు ఉండకూడదని అక్కడి పాలకుల పట్టుదల.

ఆ పట్టుదల 1968లో బయటపడింది. బాసిల్ డిఒలివేరా కేప్‌టౌన్‌లో పుట్టినవాడు. అక్కడి చట్టం అతన్ని 'కలర్డ్', అంటే మిశ్రమ జాతి అని ముద్రవేసింది. ఎంత బాగా ఆడినా పుట్టిన దేశం జట్టులో చోటు దొరకదు కాబట్టి 1960లో ఇంగ్లండ్ వెళ్లి, ఆ దేశం తరఫున టెస్టులు ఆడే స్థాయికి ఎదిగాడు. 1968 ఆగస్టులో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద 158 కొట్టాడు. ఆ శీతాకాలంలో ఇంగ్లండ్ దక్షిణాఫ్రికా వెళ్లాలి. ఎంపికైన జట్టులో డిఒలివేరా పేరు లేదు. దేశమంతా గగ్గోలు. తర్వాత టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకుంటే ఆ చోట డిఒలివేరాను తీసుకున్నారు. వెంటనే దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ ఈ జట్టును రానివ్వం అన్నాడు. పర్యటన రద్దయింది.

1970లో దక్షిణాఫ్రికా ఆస్ట్రేలియాను 4-0తో చిత్తు చేసింది. అప్పుడు ప్రపంచంలో అంతకంటే బలమైన జట్టు లేదనే చెప్పాలి. ఆ ఏడాదే వాళ్లు ఇంగ్లండ్ వెళ్లాల్సింది. పీటర్ హెయిన్ అనే యువకుడి నాయకత్వంలో ఉద్యమం రేగి ఆ పర్యటన ఆగిపోయింది. 1971-72లో ఆస్ట్రేలియా వెళ్లాల్సిన పర్యటననూ బ్రాడ్‌మన్ అధ్యక్షుడిగా ఉన్న ఆస్ట్రేలియా బోర్డు రద్దు చేసింది. బ్యారీ రిచర్డ్స్ నాలుగు టెస్టుల్లో 508 పరుగులు చేసి అక్కడితో ఆగిపోయాడు. మైక్ ప్రాక్టర్ ఏడు టెస్టుల్లో 41 వికెట్లు తీసి ఆగిపోయాడు. క్రికెట్ అభిమానిగా ఈ అంకెలు చూస్తే నాకు బాధ వేస్తుంది. కానీ అదే దేశంలో ఒక్క టెస్టు కూడా ఆడే హక్కు లేకుండా పోయిన నల్లజాతి, కలర్డ్, భారతీయ ఆటగాళ్లకు ఇలా రాసుకోవడానికి అంకెలు కూడా లేవు.

ఒక్క దేశం, మూడు బోర్డులు

ఈ కథలో చాలామంది దాటేసే భాగం ఇదే. దక్షిణాఫ్రికాలో క్రికెట్ అంటే తెల్లవాళ్ల ఆట మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది. తెల్లవాళ్ల బోర్డు ఒకటి. తెల్లవాళ్లు కాని వాళ్ల సంఘాలు కలిసి 1947లో పెట్టుకున్న సాక్‌బాక్ అనే బోర్డు ఇంకొకటి. ఆఫ్రికన్లకు మరొకటి. సాక్‌బాక్ వాళ్లు చిన్న మైదానాల్లో, మ్యాటింగ్ మీద (అంటే చాప పరిచిన పిచ్ మీద), సొంత ఖర్చులతో టోర్నమెంట్లు నడుపుకున్నారు. 1956లో కెన్యా ఆసియన్ల జట్టు వచ్చి వీళ్లతో ఆడింది, అప్పుడు వీళ్ల కెప్టెన్ డిఒలివేరాయే.

డర్బన్ భారతీయులు ఈ రెండో ప్రపంచంలోనే ఆడేవారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో చెరకు తోటల కోసం ఒప్పంద కూలీలుగా వచ్చి దిగినవాళ్లతో అక్కడి భారతీయ సమాజం మొదలైంది. తర్వాత దశాబ్దాల్లో వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. నగరంలో పెద్ద మైదానం కింగ్స్‌మీడ్. భారతీయుల ఆటలకు మాత్రం కర్రీస్ ఫౌంటెన్. కింగ్స్‌మీడ్‌లో టెస్టు చూడాలంటే వాళ్లకు విడిగా కేటాయించిన చోట కూర్చోవాలి. అక్కడ కూర్చున్న జనం సాధారణంగా వచ్చిన విదేశీ జట్టుకే చప్పట్లు కొట్టేవారు. సొంత దేశం జట్టు ఓడిపోవాలని కోరుకునే ప్రేక్షకులను ఆ చట్టం తయారు చేసింది.

రాబిన్స్ జట్టు, వాండరర్స్ జట్టు

దేశాల జట్లు రావడం మానేశాక ఖాళీ అయిన స్టేడియాలను నింపడానికి వచ్చినవే ఆహ్వాన జట్లు. మొదట డెరిక్ రాబిన్స్. ఇంగ్లండ్‌లో వ్యాపారి, కొవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ ఛైర్మన్‌గా పేరున్నవాడు. 1973 నుంచి 1976 మధ్య ఆయన పేరు మీద నాలుగు జట్లు దక్షిణాఫ్రికాలో తిరిగాయి. 1973-74 జట్టులో బార్బడోస్ ఆల్‌రౌండర్ జాన్ షెపర్డ్, పాకిస్థాన్ బ్యాట్స్‌మన్ యూనిస్ అహ్మద్ ఉన్నారు. అయిదేళ్ల కిందట డిఒలివేరా ఉన్నాడని ఇంగ్లండ్ జట్టునే రానివ్వని ప్రభుత్వం ఇప్పుడు వీళ్లిద్దరినీ రానిచ్చింది.

ఇది మార్పా, మభ్యపెట్టడమా? నాకు అర్థమైనంత వరకు రెండూ కలిసే ఉన్నాయి. వెలివేత నొప్పి తెలిసొచ్చింది కాబట్టే తలుపు కొంచెం తెరిచారు. తెరిచింది అతిథుల కోసం. ఆ మ్యాచ్ చూడటానికి వచ్చిన స్థానిక నల్లజాతి మనిషి అదే రోజు సాయంత్రం ఇంటికెళ్లడానికి పాస్‌బుక్కు, అంటే నల్లజాతివాళ్లకు చట్టం తప్పనిసరి చేసిన అనుమతి పుస్తకం, జేబులో పెట్టుకోవాల్సిందే.

వాండరర్స్ జట్టు రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, దక్షిణాఫ్రికాలో ఆడింది. 1976 పర్యటన వీటిలో ప్రత్యేకమైనది. అన్ని జాతుల ఆటగాళ్లూ ఉన్న జట్లతోనే ఆడతామన్న అవగాహన మీద బెనో మేనేజరుగా వచ్చాడు. అందుకే పొలాక్, రిచర్డ్స్ పక్కన తెల్లవాళ్లు కాని ఆటగాళ్లు కూడా ఇన్విటేషన్ ఎలెవన్‌లో కనిపిస్తారు. ఆ ఏడాది మూడు బోర్డుల వాళ్లూ ఒక టేబులు దగ్గర కూర్చుని కలిసి ఆడటం గురించి మాట్లాడుకున్నారు. ఒక దారి దొరికిందని చాలామంది నమ్మారు. అదే ఏడాది జూన్ 16న సొవెటోలో బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

రొడీషియా లెక్క ఇంకో రకం

రొడీషియా 1965 నవంబరులో బ్రిటన్‌ను కాదని, తెల్లవాళ్ల పాలనను కాపాడుకోవడానికి ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టింది. క్రికెట్‌లో మాత్రం అది దక్షిణాఫ్రికా దేశవాళీ పోటీ అయిన కర్రీ కప్‌లో ఒక రాష్ట్రం జట్టులా ఆడేది.

1970 సెప్టెంబరులో గ్యారీ సోబర్స్ అక్కడ ఇద్దరిద్దరు ఆడే సరదా పోటీకి వెళ్లాడు. వెస్టిండీస్ కెప్టెన్ అయి ఉండి రొడీషియా ప్రధాని ఇయాన్ స్మిత్ ప్రభుత్వానికి అతిథి అయ్యాడని కరీబియన్ దీవులు భగ్గుమన్నాయి. గయానా ప్రధాని ఫోర్బ్స్ బర్న్‌హామ్ క్షమాపణ చెప్పమన్నాడు, సోబర్స్ విచారం తెలిపాకే గొడవ సద్దుమణిగింది. ఆట ఆడటానికే వెళ్లాను అన్న మాట ఎంత నిజమైనా, సోబర్స్ లాంటి మనిషి ఎక్కడికి వెళ్లినా వెంట ఒక జనం మొత్తం వెళ్లినట్టే అవుతుంది.

వెళ్లాలా, వద్దా?

ఈ వాదన 1970ల కంటే పాతది. 1959లో ఫ్రాంక్ వొరెల్ నాయకత్వంలో వెస్టిండీస్ ఆటగాళ్ల జట్టు దక్షిణాఫ్రికా వెళ్లి, తెల్లవాళ్లు కాని వాళ్ల జట్లతో మాత్రమే ఆడాలని ఏర్పాట్లు జరిగాయి. వెళితే అక్కడి ఆటగాళ్లకు ధైర్యం వస్తుంది, వాళ్ల ప్రతిభ ప్రపంచానికి తెలుస్తుందని రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ సమర్థించాడు. వెస్టిండీస్ మాజీ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ వ్యతిరేకించాడు. నల్లవాళ్ల జట్టు నల్లవాళ్లతోనే ఆడితే విడివిడిగా బతకమన్న చట్టాన్ని మనమే ఒప్పుకున్నట్టవుతుందని ఆ పక్షం అభ్యంతరం. చివరికి పర్యటన జరగలేదు. వర్ణవివక్షను ద్వేషించడంలో ఇద్దరికీ తేడా లేదు. ఏం చేస్తే అది తొందరగా కూలుతుందన్న దగ్గరే తేడా.

తర్వాత ఇరవై ఏళ్లూ ఇదే వాదన రూపాలు మార్చుకుంటూ వచ్చింది. 1971లో ఆస్ట్రేలియా పర్యటనకు తెల్లవాళ్లు కాని ఇద్దరిని తీసుకెళతామని తెల్లవాళ్ల బోర్డు అడిగితే వోర్‌స్టర్ ప్రభుత్వం కుదరదంది. ఏప్రిల్ 3న న్యూలాండ్స్‌లో ఆటగాళ్లు నిరసన తెలిపారు. ప్రాక్టర్ ఒక బంతి వేశాడు, అందరూ మైదానం వదిలి నడిచి వెళ్లారు. ఆ ఒక్క బంతి విలువను నేను తక్కువ చేయను. అయితే సాక్‌బాక్ నాయకుడు హసన్ హోవాకు ఆ ఇద్దరి ప్రతిపాదనే నచ్చలేదు. మా వాళ్లను అలంకారానికి తీసుకెళ్లొద్దు, అందరికీ సమానంగా అవకాశాలిచ్చి ప్రతిభ చూసి ఎంచుకోండి అన్నది ఆయన పట్టు. అసాధారణ సమాజంలో సాధారణ క్రీడ సాధ్యం కాదన్న ఆయన వర్గం నినాదం తర్వాత ఆ దేశమంతా మార్మోగింది.

దీనికి ఎదురుగా ఉన్న వాదననూ న్యాయంగా చెప్పాలి. కలిసి ఆడే అవకాశం దొరికిన ప్రతిసారీ వద్దంటే, ఆ తరం ఆటగాడి వయసు ఎవరు తిరిగిస్తారు? ఒమర్ హెన్రీ అనే కేప్ స్పిన్నర్ 1977 తర్వాత విలీనమైన బోర్డు వైపు వెళ్లి తెల్లవాళ్లతో కలిసి ఆడాడు. సొంత సంఘంలో కొందరు అతన్ని ద్రోహి అన్నారు. అతనికి కావాల్సింది గట్టి పోటీ, మంచి పిచ్. హోవా వైపు నిలబడినవాళ్లకు కావాల్సింది బడి, ఇల్లు, ఓటు, వాటితో పాటే క్రికెట్. ఇద్దరి కోరికలోనూ తప్పు వెతకలేం. అయినా నా మొగ్గు హోవా వైపే. మైదానంలో ఆరు గంటల సమానత్వం మైదానం బయట చట్టాన్ని మార్చలేదు, ఆ ఆరు గంటల ఫొటోలు మాత్రం ఆ చట్టం పెట్టినవాళ్లకు బాగా పనికొచ్చాయి.

ఆహ్వానం నుంచి రెబల్ టూర్ దాకా

1977లో కామన్వెల్త్ దేశాలు గ్లెనీగల్స్ ఒప్పందం చేసుకుని, దక్షిణాఫ్రికాతో క్రీడా సంబంధాలను నిరుత్సాహపరచాలని తీర్మానించాయి. అప్పటి నుంచి ఇలాంటి పర్యటనకు వెళ్లడమంటే బోర్డును ధిక్కరించడమే. ఆహ్వాన జట్టుకూ రెబల్ జట్టుకూ ముఖ్యమైన తేడా ఇదే. పిలిచే పద్ధతి పాతదే, వెళితే వేటు పడటం కొత్తది. ఇంకో తేడా కూడా ఉంది. రాబిన్స్, వాండరర్స్ జట్లు పలు దేశాల కలగూర గంప. రెబల్ జట్లు ఒక్కో దేశం జట్టుకు నకలులా వచ్చాయి, మ్యాచ్‌లను టెస్టులని ప్రచారం చేశారు.

మొదటిది 1982లో. దానికి మన దేశంతో సంబంధం ఉంది. 1981-82లో ఇంగ్లండ్ ఇక్కడికి రావాల్సి ఉండగా, జెఫ్ బాయ్‌కాట్, జెఫ్ కుక్ దక్షిణాఫ్రికాలో ఆడారన్న అభ్యంతరంతో పర్యటన ఆగిపోయే పరిస్థితి వచ్చింది. చివరకు ఇందిరా గాంధీ ప్రభుత్వం అనుమతించింది. బాయ్‌కాట్ ఢిల్లీలో సోబర్స్ టెస్టు పరుగుల రికార్డు దాటి, సిరీస్ మధ్యలోనే ఇంటికెళ్లిపోయాడు. కొన్ని వారాలకే గ్రాహమ్ గూచ్ కెప్టెన్‌గా దక్షిణాఫ్రికాలో దిగిన జట్టులో కనిపించాడు. వాళ్లందరి మీదా మూడేళ్ల నిషేధం పడింది.

తర్వాత శ్రీలంక ఆటగాళ్లు వెళ్లారు, వాళ్లకు పాతికేళ్ల నిషేధం. 1983లో లారెన్స్ రో నాయకత్వంలో వెస్టిండీస్ ఆటగాళ్లు వెళ్లారు, వాళ్లకు జీవితకాల నిషేధం. దాన్ని 1989లో ఎత్తేశారు. ఆ పర్యటనలోనే కాలిన్ క్రాఫ్ట్ కేప్‌టౌన్‌లో తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చుంటే టికెట్ కలెక్టరు లేపేశాడు. అంతటి ఫాస్ట్ బౌలరు, ఆ దేశం కోరి పిలిపించుకున్న అతిథి. స్టేడియంలో దొరికిన మర్యాద రైలు పెట్టె దాకా కూడా రాలేదు.

ఆ స్కోర్లు లెక్కలోకి వస్తాయా?

ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ అంటే పదకొండు మందేసి ఆడే, కనీసం మూడు రోజులు సాగే, సంబంధిత బోర్డు ఆ హోదా ఇచ్చిన మ్యాచ్. మొదటి రెండు షరతులూ చూడగానే తెలిసిపోతాయి. చిక్కంతా మూడోదానితోనే, ఎందుకంటే హోదాను తర్వాత తీసేయవచ్చు, మళ్లీ ఇవ్వవచ్చు.

గూచ్ ఉదాహరణ తీసుకుందాం. 1993 జనవరిలో కటక్‌లో సెంచరీ కొట్టి, అది తన నూరో ఫస్ట్‌క్లాస్ సెంచరీ అనుకున్నాడు. తర్వాత ఐసీసీ రెబల్ మ్యాచ్‌లకు ఆ హోదా లేదంది. 1982లో దక్షిణాఫ్రికాలో కొట్టిన ఒక సెంచరీ లెక్కలోంచి పోయింది. నూరు కాస్తా తొంభై తొమ్మిదయింది. ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ మీద ఇంకోటి కొట్టి మళ్లీ నూరు పూర్తి చేశాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ మ్యాచ్‌లకు హోదా తిరిగొచ్చింది.

1970లో దక్షిణాఫ్రికా పర్యటన రద్దయినప్పుడు ఇంగ్లండ్ ఆడింది సోబర్స్ నాయకత్వంలోని ప్రపంచ జట్టుతో. పొలాక్, ప్రాక్టర్ లాంటి దక్షిణాఫ్రికన్లు, మన ఫరూఖ్ ఇంజినీర్ అందులో ఒకే డ్రెస్సింగ్ రూములో ఉన్నారు. ఆ మ్యాచ్‌లను మొదట టెస్టులన్నారు, తర్వాత కాదన్నారు. లార్డ్స్‌లో ఆ ఒక్క మ్యాచే ఆడిన గ్లామోర్గన్ బ్యాట్స్‌మన్ అలన్ జోన్స్ రాత్రికి రాత్రి టెస్టు ఆటగాడు కాకుండా పోయాడు. 2020లో ఇంగ్లండ్ బోర్డు అతనికి 696 నంబరు క్యాప్ ఇచ్చింది. యాభై ఏళ్లు ఆగాడాయన.

అన్నిటికంటే ఆలోచించాల్సింది హోవా బౌల్ సంగతి. సాక్‌బాక్, దాని వారసులు నడిపిన ఈ మూడు రోజుల పోటీకి అప్పట్లో ఫస్ట్‌క్లాస్ హోదా లేదు. అవే సంవత్సరాల్లో ఒక వ్యాపారి పోగేసి పంపిన జట్టు ఆడిన మ్యాచ్‌లకు ఉంది. దేశం మారాక 1971-72 నుంచి 1990-91 దాకా ఆ పోటీలకు వెనక్కి వెళ్లి హోదా ఇచ్చారు. తెల్ల జుట్టు వచ్చేసిన వాళ్లకు అప్పుడు తాము ఫస్ట్‌క్లాస్ క్రికెటర్లమని తెలిసింది.

చివరి పర్యటన, మొదటి మ్యాచ్

1990లో మైక్ గాటింగ్ తెచ్చిన ఇంగ్లండ్ రెబల్ జట్టును హోటళ్ల దగ్గరా మైదానాల దగ్గరా నిరసనకారులు చుట్టుముట్టారు. ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యారు. పర్యటన కుదించారు, రెండో విడత రద్దయింది. 1991 జూన్‌లో 1977 నాటి విలీన బోర్డూ, సాక్‌బాక్ వారసుల బోర్డూ ఒక్కటయ్యాయి, జూలైలో ఐసీసీ తలుపు తెరిచింది. నవంబరు 10న ఈడెన్ గార్డెన్స్‌లో క్లైవ్ రైస్ జట్టు దేశం పేరుతో మైదానంలోకి వచ్చింది. టాస్‌కు ఎదురుగా వచ్చింది మన హైదరాబాదీ అజారుద్దీన్.

ఏడాది తర్వాత అజారుద్దీన్ జట్టు దక్షిణాఫ్రికా వెళ్లింది. భారత బోర్డు ఎంపిక చేసిన జట్టు అది. ఓడలు దిగిన ఊరు డర్బన్‌లోనే, కింగ్స్‌మీడ్‌లో, 1992 నవంబరు 13న మొదటి టెస్టు. ప్రవీణ్ ఆమ్రే తొలి టెస్టులోనే 103 కొట్టాడు. ఎదుటి జట్టులో టెస్టు క్యాప్ మొదటిసారి పెట్టుకున్నవాళ్లలో ఒక ఎడమచేతి వాటం స్పిన్నర్ ఉన్నాడు. పేరు ఒమర్ హెన్రీ. అప్పటికి అతని వయసు నలభై.